స్నానాల బండ మీద పావుగంట

ఆరేళ్ల కిందట, జూన్ నెల రెండో వారంలో నన్ను ఒక మండల కేంద్రం పోలీసు స్టేషన్‌కు స్టేషన్ హౌస్ ఆఫీసర్‌గా, అంటే ఆ స్టేషన్ మంచిచెడ్డలన్నింటికీ జవాబు చెప్పుకోవలసిన ఎస్సైగా, బదిలీ చేశారు. ఉద్యోగ విరమణకు ఇంకా ఏడాదిన్నర ఉంది. కానిస్టేబుల్‌గా చేరి, హెడ్ కానిస్టేబుల్, ఏఎస్సై మెట్లు ఒక్కొక్కటే ఎక్కి, తల నెరిసిన తర్వాత భుజాల మీద రెండు నక్షత్రాలు పెట్టుకున్నవాణ్ని. మంథని నుంచి పెద్దపల్లికి వెళ్లే బస్సులు ఆగే ఊళ్లలో అదొకటి అని మాత్రం చెబుతాను. ఊరి పేరు రాయను, మనుషుల పేర్లు కూడా మార్చాను. ఒకరి ఇంట్లోకి ఇంకొకరు తొంగిచూడటం గురించి రాస్తూ ఆ ఇంటి గుర్తులు నేనే చెప్పి కూర్చుంటే, నాకు బుద్ధి రానట్టే లెక్క.

అప్పట్లో మా శాఖలో కెమెరాల ఊపు నడుస్తోంది. ప్రతి ఊళ్లో, ప్రతి మలుపులో సీసీ కెమెరా ఉండాలన్నది పైవారి ఆదేశం. రోజూ పొద్దున సెట్ కాన్ఫరెన్స్ ఉంటుంది. వైర్‌లెస్ సెట్ మీద అధికారులు అన్ని స్టేషన్ల ఎస్సైలతో మాట్లాడతారు. దొంగతనాల గురించి అడిగే ముందు కెమెరాలు ఎన్ని పెట్టించావని అడిగేవారు. పక్క స్టేషన్ల కుర్ర ఎస్సైలు గడగడా అంకెలు చెబుతుంటే, రిటైర్మెంట్‌కు దగ్గరపడ్డ నేను నీళ్లు నమిలేవాణ్ని. ప్రభుత్వం ఇచ్చే కెమెరాలు చాలవు. అందుకని దుకాణదారులను, కాస్త ఉన్నవాళ్లను బతిమాలో, బెదిరించో పెట్టించడం మా పని. వాళ్ల ఇంటికి కెమెరా, మాకు రోడ్డు మీద ఒక కన్ను. ఇద్దరికీ లాభమేనని చెప్పి ఒప్పించేవాళ్లం.

అలా ఒప్పించినవాళ్లలో రాజేశం ఒకడు. పన్నెండేళ్లు దుబాయిలో పనిచేసి వచ్చి, మూడు బాటలు కలిసేచోట రెండంతస్తుల ఇల్లు కట్టుకున్నాడు. అంతకుముందు సంవత్సరం వాళ్లింట్లో దొంగలు పడి బీరువా పగలగొట్టారు. కెమెరాలు పెట్టమని నేను నోరు తెరవగానే సరేనన్నాడు. పెద్దపల్లి నుంచి మెకానిక్‌ను పిలిపించి నాలుగు కెమెరాలు పెట్టించాడు. హాల్లో టీవీకి కలిపించాడు. కొడుకు తిరుపతి దుబాయిలో ఉంటే, అతని ఫోన్లోకి కూడా బొమ్మ వెళ్లేటట్టు చేయించాడు. ప్రారంభానికి నన్నే పిలిచారు. రిబ్బన్ కత్తిరించాను, శాలువా కప్పించుకున్నాను. అంతటితో తిరిగి రావలసింది. పై అంతస్తు మూల కెమెరా రాజేశం వాకిలినే చూస్తోందని, మూడు బాటల కూడలి పడటం లేదని నాకు అసంతృప్తి. నిచ్చెన వేయించి, టోపీ తీసి కానిస్టేబుల్ చేతికిచ్చి, నేనే ఎక్కి దాన్ని ఎడమకు తిప్పాను. కింద నుంచి రాజేశం టీవీ చూస్తూ, పడుతోంది సార్, పడుతోంది అని అరిచాడు. కూడలితో పాటు ఇంకేం పడుతోందో నేను అడగలేదు, అతను చెప్పలేదు. ఫోటోలు తీసి పైకి పంపాను. మరునాటి కాన్ఫరెన్స్‌లో నా పేరు మెచ్చుకోలుగా వినిపించింది. ఆ ముసలితనంలో అది ఎంత తియ్యగా ఉందో దాచుకోను.

మూడు వారాల తర్వాత సుజాత అనే ఆమె స్టేషన్‌కు వచ్చింది. ముప్పై ఏళ్లుంటాయి. రాజేశం ఇంటి ఎడమవైపు గోడకు ఆనుకున్న పెంకుటిల్లు ఆమెది. భర్త గంగారాం దుబాయిలో, అత్త మల్లవ్వ ఇంట్లో. సుజాత వసారాలో మిషన్ పెట్టుకుని ఆడవాళ్ల జాకెట్లు కుడుతుంది. కూర్చోమన్నా కూర్చోలేదు. రాజేశం కెమెరా తమ ఇంట్లోకి చూస్తోందని, తమ స్నానాల బండ కూడా అందులో పడుతోందని చెప్పింది. పాత ఇళ్లలో స్నానానికి వేరే గది ఉండదు. ఇంటి పక్క జాగాలో బండ పరిచి, ఛాతీ ఎత్తున మూడువైపులా గోడ కట్టి, నాలుగోవైపు చీర అడ్డం కట్టుకుంటారు. బాటన పోయేవాళ్లకు ఏమీ కనపడదు. పైనుంచి చూడటానికి ఒకప్పుడు పక్షులు తప్ప ఎవరూ లేరు కాబట్టి కప్పు అవసరం రాలేదు.

నేను ఆమెకు చెప్పిన జవాబు నా ఉద్యోగంలో నాకు అన్నిటికన్నా సిగ్గు కలిగించే మాటల్లో ఒకటి.

"ఫికర్ జెయ్యకమ్మా. అది దొంగల కోసం వెట్టింది. తప్పు జెయ్యనోళ్లకు కెమెరాతోని ఏం భయం?"

"తానం జేసుడు తప్పా సార్?" అంది ఆమె.

నాకు చిర్రెత్తుకొచ్చింది. ఎస్సైకి ఎదురు ప్రశ్న వేస్తే అలాగే వస్తుంది. రాజేశానికి చెబుతాలే అని పంపేశాను. ఫోన్ చేసి చెప్పాను కూడా. అతను నవ్వి, "మీరే తిప్పిండ్రు గద సార్, మల్ల నన్ను తిప్పుమంటరా? కూడలి వోతది మరి" అన్నాడు. కూడలి పోతే పైవాళ్లకు పంపిన ఫోటో అబద్ధమవుతుంది. సరే, చూద్దాంలే అన్నాను. చూద్దాం అంటే మా భాషలో ఇక చూడం అని అర్థం.

పదిరోజులకు ఆమె మళ్లీ వచ్చింది. ఈసారి చేతిలో తన దస్తూరీతో రాసిన పిటిషన్, రెండు కాపీలు. ఇంటర్ దాకా చదివిందట. ఒకటి తీసుకుని రెండోదాని మీద స్టేషన్ ముద్ర వేసి, తారీఖు వేసి ఇవ్వమంది. పిటిషన్ తీసుకున్నట్టు రసీదు ఇవ్వడం మా బాధ్యతే. కాని అడిగినవాళ్లకు తప్ప ఇచ్చే అలవాటు మాకు లేదు. ముద్ర పడిందంటే ఆ కాగితానికి నంబరు పడుతుంది, నంబరు పడిందంటే ఏం చేశావని రేపు ఎవరైనా అడుగుతారు. స్టేషన్ రైటర్, అంటే మా రాతకోతలన్నీ చూసే కానిస్టేబుల్, నా మొహం చూశాడు. నేను ఇంకో మాటు నచ్చజెప్పబోయాను. ఆమె కదల్లేదు. ముద్ర వేసేదాకా ఇక్కడే నిలబడతానని మెల్లగానే చెప్పింది. వేయించాను.

పిటిషన్ చదివిన తర్వాత గాని నాకు సంగతి పూర్తిగా తెలియలేదు. తిరుపతి, గంగారాం దుబాయిలో ఒకే కంపెనీ క్యాంపులో, ఒకే గదిలో ఉంటారు. తిరుపతి ఫోన్లో రాజేశం ఇంటి నాలుగు కెమెరాలు కనిపిస్తాయి. ఖాళీ దొరికినప్పుడల్లా అదే అతని కాలక్షేపం. అందులో చెడ్డ ఉద్దేశం ఉందని సుజాత రాయలేదు. ఇంటిమీద బెంగతో ఊరు చూసుకుంటాడు, చూసింది గదిలో చెబుతాడు అని రాసింది. మీ ఇంటికి ఎవడో బండి మీద వచ్చాడు, అరగంట ఉన్నాడు. మీ గేటు మధ్యాహ్నం తెరిచే ఉంది. మీ ఆవిడ ఎర్రచీర కట్టుకుని బయటికి పోయింది. ఇవీ అతను గంగారాంకు చెప్పే కబుర్లు. బండి మీద వచ్చినవాడు కరెంటు మీటరు చూడటానికి వచ్చినవాడు. అరగంట ఉన్నది బిల్లు మిషన్ పనిచేయక. కాని గంగారాంకు అవన్నీ ఒకదాని మీద ఒకటి పేరుకుని మనసు విరిగింది. కుట్టుమిషన్ అమ్మేసి, ఇంటికి తాళం వేసి, తల్లిగారింటికి పోయి ఉండమని ఆఖరి మాట చెప్పాడు. శుక్రవారం అక్కడ సెలవు. అందుకని శుక్రవారం తిరుపతి పొద్దుటి నుంచీ ఫోన్ చూస్తూనే ఉంటాడని ఆమెకు భయం. స్నానానికి చీకటితో లేచేది. మిషన్ దగ్గరికి వచ్చే ఆడవాళ్లు కొలతలు ఇవ్వడానికి వసారాలో నిలబడాలి. పైన కెమెరా కనబడగానే కొంగు సర్దుకుని, మళ్లీ వస్తానని పోయేవాళ్లు. వచ్చేవాళ్లు కాదు.

చదివి కాగితం బల్లమీద పెట్టాను.  నేను నిచ్చెన మీద చేసిన పని ఒక ఇల్లాలి బతుకును ఇంతదూరం తెచ్చిందా అనిపించింది. అయినా పోలీసు బుద్ధి ఎక్కడికి పోతుంది? విచారణ అంటే ముందు రుజువు కావాలి. రాజేశం ఇంటికి పోయి రికార్డింగ్ చూస్తాను, బండ నిజంగా పడుతోందో లేదో తెలుస్తుంది అన్నాను. సుజాత మొహం ఎర్రబడింది.

"సూసుడే తప్పని నేనంటున్న. రుజువు కోసం మల్ల మీరు సూస్తరా? మీరు సూసినంక కోర్టుల ఇంకెంతమంది సూస్తరు? నా ఒళ్లు సూపెట్టి నా ఒళ్లు కాపాడుకోవాల్నా సార్?"

 రికార్డింగ్ చూసే మాట వదిలేశాను. మా స్టేషన్లో రజిత అని ఒక మహిళా కానిస్టేబుల్ ఉండేది, ఆమెను పిలిపించాను. నిజానికి ఇలాంటి ఫిర్యాదుల్లో బాధితురాలి మాట నమోదు చేయవలసింది మహిళా సిబ్బందే. ఆ పని మొదటి రోజే ఆమెకు అప్పజెప్పకపోవడం నా ఇంకో తప్పు. రజిత అంతా విని ఒక ఉపాయం చెప్పింది. పాత రికార్డింగ్ ఎవరూ ముట్టుకోవద్దు. తాను రాజేశం హాల్లో టీవీ ముందు కూర్చుంటుంది. బండ మీద ఎవరో ఒకరు నిండా బట్టలతో కూర్చోవాలి. కనబడితే కనబడినట్టు రాస్తుంది. ఎవరు కూర్చోవాలి అన్న ప్రశ్న వచ్చింది. సుజాతకు తోడుగా వచ్చిన అత్త మల్లవ్వ కూర్చుంటుందన్నాం. ఆమె నన్ను ఎగాదిగా చూసి, "కెమెరా తిప్పింది ఎవలో గాయినే కూసోవాలె" అంది. నిచ్చెన ఎక్కింది ఊరంతా చూశారు మరి.

శుక్రవారం పొద్దున తొమ్మిది దాటాక వెళ్లాం. ఇక్కడ తొమ్మిదంటే అక్కడ ఏడున్నర. సెలవు రోజు కాబట్టి గదిలోనే ఉంటారు. బయల్దేరే ముందు జనరల్ డైరీలో, అంటే స్టేషన్‌లో జరిగే ప్రతిదీ గంటలు నిమిషాలతో రాసే పుస్తకంలో, ఎందుకు వెళ్తున్నదీ రాయించాను. రజిత రాజేశం హాల్లోకి వెళ్లింది. సుజాత, మల్లవ్వ వసారాలో ఉన్నారు. నేను యూనిఫాంలోనే చీర పక్కకు జరిపి, లోపలికి వెళ్లి, బండ మీద కూర్చున్నాను.

మొదటి రెండు నిమిషాలు నవ్వొచ్చింది. తలెత్తితే రాజేశం పైఅంతస్తు మూలన నల్లటి గుండ్రటి కన్ను. ఎటు జరిగినా అది నామీదే ఉంది. చొక్కా గుండీలు సరిగ్గా ఉన్నాయో లేవో తడిమి చూసుకున్నాను. పొట్ట లోపలికి పీల్చుకున్నాను. ఎవరైనా చూస్తున్నారో లేదో తెలియకపోవడం, చూస్తున్నారని తెలియడం కన్నా అన్యాయంగా ఉంది. నేను నిండు యూనిఫాంలో ఉన్నాను. నడుముకు బెల్టు ఉంది, నా వెనక ప్రభుత్వం ఉంది. అయినా కాసేపటికి లేచి పారిపోదామనిపించింది. నామీద నాకే కోపం వచ్చింది, సిగ్గు వేసింది.

పది నిమిషాలు కాకముందే రాజేశం ఇంట్లో ఫోన్ మోగింది. గోడ అవతల మాటలు నాకు వినబడలేదు. రజిత తర్వాత తన నివేదికలో రాసింది. రాజేశం ఫోన్ ఎత్తగానే కొడుకు గొంతు గదంతా వినిపించిందట.

"బాపూ, ఎస్సై గంగన్నోళ్ల తానాల బండ మీద కూసున్నడేంది? గాడ ఏమైంది?"

రజిత ఆ మాటలు ఉన్నవి ఉన్నట్టు, సమయంతో సహా రాసుకుంది. దాని తర్వాత రెండు నిమిషాలకే సుజాత చేతిలో ఫోన్ మోగింది. అది గంగారాం. ఆమె ఏమీ మాట్లాడకుండా స్పీకర్ నొక్కి నా దగ్గరికి తెచ్చింది. "ఇంట్లకు పోలీసులెందుకచ్చిండ్రు? ఏం జేసినవ్ నువ్వు?" అని అరుస్తున్నాడు. ఏమైందని కాదు, ఏం చేశావని. ఆమె రోజూ వింటున్నది ఇదన్నమాట అనుకున్నాను.

ఫోన్ అందుకుని నేనెవరో చెప్పాను. అతని భార్య ఏమీ చేయలేదని, పిటిషన్ ఇచ్చిందని, విచారణకు వచ్చానని, కెమెరా ఇటు తిప్పిన తప్పు నాదేనని చెప్పాను. అతను, తిరుపతి చెప్పాడు సార్, తిరుపతి చూశాడు సార్ అని ఏదో అనబోయాడు. నాకు ఒళ్లు మండింది.

"నీ ఇంట్లకు, నీ పెండ్లాం తానం జేసే కాడికి ఇంకొకడు ఫోన్ల సూసి నీకు చెప్తుంటే, నీకు వాని మీద రావాల్సిన కోపం నీ పెండ్లాం మీదికెట్ల అచ్చిందిరా?"

 అతను ఫోన్ పెట్టేశాడు. ఎస్సై పదవిలో ఉన్నవాడు ఆ మాట అలా అనకూడదు. అన్నందుకు మాత్రం నేను ఎన్నడూ బాధపడలేదు.

రాజేశం ఇంటికి వెళ్లేసరికి అతను చెమటలు కక్కుతున్నాడు. తన కళ్లతో ఎన్నడూ చూడలేదని ప్రమాణం చేయబోయాడు. అతన్ని కాపాడాలని భార్య లచ్చవ్వ ముందుకొచ్చింది. "మా ఆయన అసొంటోడు గాదు సార్. పొద్దుగాల తానాలప్పుడు నేనే టీవీ బందు వెడుత. రోజు వెడుత" అంది. అన్న తర్వాత గాని తానేం అన్నదో ఆమెకు తట్టలేదు. బండ కనబడుతుందని ఆ ఇంట్లో మొదటి రోజు నుంచీ తెలుసు. హాల్లో టీవీ ఆర్పారు. దుబాయిలో ఫోన్ ఆర్పేవాళ్లు ఎవరు? రాజేశం తల వంచుకున్నాడు. ఎవరూ చెడ్డవాళ్లు కారు ఆ ఇంట్లో. చెడ్డవాళ్లయితే నా పని సులువయ్యేది.

ఇక చట్టం సంగతి. ఒక స్త్రీ తనను ఎవరూ చూడరని నమ్మిన చోట స్నానం వంటి పనిలో ఉన్నప్పుడు చూడటం, చిత్రీకరించడం అప్పటి ఐపీసీలో 354-సి కింద నేరం. ఇప్పటి కొత్త చట్టంలోనూ ఉంది. పోలీసు నేరుగా కేసు కట్టవచ్చు. గేటు, వసారా, వచ్చేపోయేవాళ్ల సంగతి ఆ సెక్షన్ కిందికి రాదు. దానికి సివిల్ కోర్టుకు పోయి, కెమెరా తీయించమని ఇంజంక్షన్, అంటే నిషేధ ఉత్తర్వు, తెచ్చుకోవాలి. వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కేనని సుప్రీంకోర్టు అప్పటికే చెప్పి ఉంది. కాని ఆ తీర్పు పట్టుకుని ఒక పెంకుటింటి నుంచి మంథని కోర్టుదాకా నడవాల్సింది సుజాతే. ఇవన్నీ రజిత సమక్షంలో ఆమెకు విడమరిచి చెప్పాను. ఎఫ్ఐఆర్ కావాలంటే ఇప్పుడే కడతానని, అందులో కెమెరా తిప్పినవాడిగా నా పేరు కూడా వస్తుందని చెప్పాను. కేసు కడితే రికార్డింగ్ ఉన్న డబ్బాను సీజ్ చేయాలి, ల్యాబ్‌కు పంపాలి, కోర్టులో పెట్టాలి అని కూడా చెప్పాను.

 డబ్బా ఎక్కడికీ పోకూడదు, తన కళ్లముందే చెరపాలి అంది సుజాత. చెరిపితే రేపు కేసు పెట్టాలనిపించినా సాక్ష్యం ఉండదమ్మా అన్నాను. తెలుసంది. చట్టం తెలిసిన పాఠకులు ఇక్కడ నన్ను పట్టుకుంటారు. నేరం జరిగిందని తెలిసి సాక్ష్యం చెరపనివ్వడం ఎస్సై చేయవలసిన పని కాదు. పట్టుకోనివ్వండి. ఆమె చేత రాయించుకుని, డైరీలో ఎక్కించి, మా సర్కిల్ ఇన్‌స్పెక్టర్‌కు అదే రోజు రాతపూర్వకంగా తెలియజేసి చేశాను. ఆయన ఫోన్లో నన్ను చెడామడా తిట్టారు. సాక్ష్యం గురించి కొంత, కూడలి కెమెరా పోయినందుకు ఎక్కువ. పింఛను కాగితాలు కదులుతున్న సమయంలో ఇదంతా నీకెందుకయ్యా అన్నారు. ఆ మాటలో బెదిరింపు కొంత, నిజమైన అక్కర కొంత ఉన్నాయి.

మరునాడు మెకానిక్ వచ్చాడు. సుజాత చూస్తుండగా రికార్డింగ్ చెరిపాడు. రజిత పక్కన నిలబడి, తెర మీద ఖాళీ చూసి సంతకం చేసింది. కెమెరాను కుడికి తిప్పాడు. సుజాతకు టీవీలో కొత్త బొమ్మ చూపించాం. బండ లేదు, వసారా లేదు. తెర అంచున ఆమె గేటు, దాని ముందు రెండు గజాల నేల మాత్రం ఉన్నాయి. నా పని అయిపోయిందనుకున్నాను.

"గేటు పడుతుంది సార్" అంది సుజాత.

గేటు బాట మీద ఉందని, బాటన పోయే ఎవరికైనా కనబడుతుందని, అందులో తప్పేమీ లేదని చెప్పాను. చట్టం ప్రకారం నేను చెప్పింది సరిగ్గానే ఉంది. రాజేశం కూడా ధైర్యం తెచ్చుకుని, ఇంకా తిప్పితే నా ఇంటి గోడే కనిపిస్తుందని సణిగాడు.

"బాటన వొయ్యేటోళ్లు ఒక్కపారి సూసి వోతరు. గిది పొద్దుమాపు సూస్తది, సూసింది యాది వెట్టుకుంటది, దుబాయికి చెప్తది. తానం ఒక్కటే నా సొంతమా సార్? నా ఇంటికి ఎవలచ్చిరి, నేనెప్పుడు బయటికి వోతి, అది గూడ నా సొంతమే."

నేను సెక్షన్ల కోసం బుర్రలో వెతికాను. దొరకలేదు. ఆమె చెప్పింది మాత్రం నిజమని తెలుస్తోంది. మా సీఐ గారు, కాన్ఫరెన్స్, కూడలి అన్నీ ఒకసారి కళ్లముందు తిరిగాయి. ఆమె చేతులు కట్టుకుని టీవీ ముందే నిలబడి ఉంది, వెళ్లిపోయే ఉద్దేశం లేదు. మెకానిక్‌ను ఇంకా తిప్పమన్నాను. రాజేశం వాకిలి, రాజేశం గేటు, రాజేశం ప్రహరీ. అంతవరకే. దుబాయి ఫోన్లోంచి ఆ కెమెరాను తీసేయించాను. కూడలి కోసం తర్వాత గ్రామపంచాయతీ వాళ్లతో మాట్లాడి, బాటను మాత్రమే చూసేలా స్తంభం మీద వేరే కెమెరా పెట్టించాను. దానికి నాలుగు నెలలు పట్టింది. ఆ నాలుగు నెలలూ సెట్ కాన్ఫరెన్స్‌లో మాటలు పడ్డాను.

పిటిషన్ మూసేయడానికి ఇద్దరినీ స్టేషన్‌కు పిలిచాం. మా రైటర్ అలవాటు ప్రకారం కాగితం సిద్ధం చేశాడు. ఇరువర్గాలను పిలిపించి కౌన్సెలింగ్ చేయగా, పెద్దమనుషుల సమక్షంలో ఇరువర్గాలు రాజీ పడినవి, ఇకపై ఒకరి జోలికి ఒకరు పోమని ఒప్పుకొన్నవి. పొలం గట్టు తగాదాకు, ఆలుమగల గొడవకు, కోళ్ల పంచాయితీకి, అన్నింటికీ మా దగ్గర ఇదే వాక్యం. నేనే కొన్ని వందలసార్లు దానికింద సంతకం చేసి ఉంటాను. రాజేశం చదవకుండానే సంతకం పెట్టాడు. సుజాత మొత్తం చదివింది. పెన్ను బల్లమీద పెట్టింది.

"నేను రాజీ వడలె సార్. ఆయన జోలికి నేనెప్పుడు వోయిన, పోనని ఒప్పుకునేటందుకు? ఆయన తప్పు జేసిండు, మీరు తప్పు జేసిండ్రు. ఇద్దరు సక్కదిద్దిండ్రు. గట్ల రాయుండ్రి, సంతకం వెడుత."

రైటర్ నవ్వబోయి నన్ను చూసి ఆగాడు. నేను ఆ కాగితం తీసుకుని చింపేశాను. ఇంకోటి నా చేత్తోనే రాశాను. కెమెరా పిటిషనర్ ఇంటివైపు తిరిగి ఉన్నది వాస్తవం. దాని దిశను మార్చినది స్టేషన్ హౌస్ ఆఫీసర్. అది కనబడుతున్నదని తెలిసీ సరిచేయనిది ఇంటి యజమాని. పిటిషనర్ తప్పు ఏమీ లేదు. కెమెరాను తిప్పి, రికార్డింగ్‌ను చెరిపి, పిటిషనర్‌కు చూపడమైనది. రాజేశం సంతకం పెట్టాడు. నేను పెట్టాను. చివర సుజాత పెట్టి, ఒక కాపీ అడిగి తీసుకుంది. దాని ఫోటో గంగారాంకు పంపిందని తర్వాత రజిత చెప్పింది. అతను ఏమన్నాడో నాకు తెలియదు. నేను బదిలీ అయ్యేదాకా ఆ ఇంట్లో మిషన్ చప్పుడు వినబడుతూనే ఉంది. తాళం పడలేదు.

ఆ తర్వాత మిగిలిన సర్వీసులో నేను పెట్టించిన ప్రతి కెమెరాకు ముందు చుట్టుపక్కల ఇళ్లలోకి వెళ్లి, అక్కడి ఆడవాళ్లను పిలిచి తెర చూపించి, సంతకం తీసుకున్నాకే బిగించనిచ్చాను. దానివల్ల నా అంకె ఎప్పుడూ పక్క స్టేషన్ల కన్నా తక్కువే ఉండేది. అది చిన్న పాఠం. పెద్దది ఇంకోటి ఉంది. రాజీ అనే మాటను మేము శాంతి కోసం రాస్తున్నామని అంతకాలం అనుకున్నాను. నిజానికి తప్పెవరిదో రాయవలసిన చోట, రాయకుండా తప్పించుకోవడానికి అది మాకు దొరికిన సందు. నేను సంతకం చేసిన ఆ వందల కాగితాల్లో ఎంతమంది సుజాతలు రాజీ పడకుండానే రాజీ పడినట్టు ఉన్నారో నాకు తెలియదు. వాళ్లెవరూ పెన్ను బల్లమీద పెట్టలేదు. పెట్టవచ్చని వాళ్లకు నేను చెప్పలేదు.